వెనక పలక

లోవరాజుకి ఒళ్ళు మండిపోయింది. మండదా మరి! నలభై రోజులు కళ్ళలో వత్తులు వేసుకుని చేసిన బేసు గిటారు. దాన్ని వాయించి చూసి, "వద్దు బాబూ" అని తిరిగి చేతిలో పెట్టేసిన మనిషి ఎవరయ్యా అంటే, రెండు చెవులూ వినపడని దేవసహాయం.

సంగతి మొదట్నుంచీ చెప్పుకోవాలి.

కాకినాడ జగన్నాథపురంలో ఉప్పుటేరు ఒడ్డున పడవలు కట్టే షెడ్లు వరసగా ఉంటాయి. ఆ వరస చివరిది మరిడయ్య మేస్త్రిది. చుట్టుపక్కల వాళ్ళంతా ఫైబరు పడవలు చేస్తారు. ఆయనా ముప్పయ్యేళ్ళు పడవలే చేశాడు. తర్వాత ఏ దేవుడు చెప్పాడో గానీ, గిటార్లలోకి దిగాడు. అదీ కొయ్యతో కాదు. నల్లటి కార్బన్ గుడ్డని అచ్చులో పరిచి, రెసిన్ జిగురుతో తడిపి, పొర మీద పొర వేసి ఆరనిస్తాడు. అట్టముక్కంత తేలిగ్గా, ఇనపరేకంత గట్టిగా పలక లేచి వస్తుంది. సముద్రం గాలికి కొయ్య గిటారు ఉబ్బుతుంది, మెడ వంగుతుంది, అతుకు ఊడుతుంది. దీనికి ఆ గొడవ లేదు. వానలో తడిసినా తుడుచుకుని వాయించుకోవచ్చు.

లోవరాజు గాలిమరల రెక్కలు చేసే ఫ్యాక్టరీలో నాలుగేళ్ళు పనిచేసి, ఆ ఉద్యోగం వదిలేసి, "నేర్చుకుంటానండి" అని ఈ షెడ్డుకి వచ్చాడు. వచ్చి మూడేళ్ళు దాటింది. చెయ్యి మంచిది. లెక్క మంచిది. ఆ రెండూ మంచివని అతనికి కాస్త ఎక్కువ తెలుసు, అంతే.

ఆ షెడ్డులో రెండు కట్టుబాట్లు. మేస్త్రితో ఏం చెప్పాలన్నా ఎదుటికొచ్చి నిలబడి చెప్పాలి. వెనకనుంచి గొంతు చించుకున్నా ఆయన పలకడు. "మొహం చూపించి మాట్లాడరా" అనేవాడు వచ్చిన కొత్తలో. పెద్దాయన బింకం కాబోలు, గురువన్నాక ఆమాత్రం ఉండాలిలే అని సరిపెట్టుకున్నాడు లోవరాజు.

రెండోది పేరు చీటీ. ప్రతి వాయిద్యం లోపలా చేసినవాడి పేరు రాసిన చిన్న కాగితం అంటిస్తారు. ముందు పలక మీదున్న గుండ్రటి కంతలోంచి చూస్తే కనబడుతుంది. కానీ కొనుక్కునే మనిషి వచ్చి, వాయించి, "ఇది నాది" అన్న తర్వాతే దాన్ని అంటించాలి. అప్పటిదాకా ఆ వాయిద్యం ఎవరూ చెయ్యనట్టే లెక్క.

ఇక గురువు పనితనం చూసి లోవరాజు అబ్బురపడేది ఒక్కచోట. ఆరిన పలకని రూపాయి బిళ్ళతో తట్టి చూడటం పడవల షెడ్ల అలవాటు. పొరల మధ్య గాలి బుడగ చిక్కుకుంటే అక్కడ చప్పుడు డొల్లగా వస్తుంది. మరిడయ్య ఎడమ అరచెయ్యి పలక అడుగున ఆనించి, కుడిచేత్తో బిళ్ళ పట్టుకుని, కళ్ళు మూసుకుని తడుతూ పోయేవాడు. ఒకచోట ఆగి, "ఇక్కడ" అనేవాడు. కోసి చూస్తే ఆవగింజంత బుడగ ఉండి తీరేది. ఏం చెవులండీ బాబూ, పాము చెవులు, అనుకునేవాడు లోవరాజు. ఆ ఎడమ చెయ్యి పలక జారిపోకుండా పట్టుకోడానికే అనుకున్నాడు.

దేవసహాయం బేసు అడిగినప్పుడు మరిడయ్య, "ఇది నువ్వు చెయ్యి. మొదట్నుంచి చివరిదాకా నువ్వే" అన్నాడు. లోవరాజుకి ఆ రోజు అన్నం సయించలేదు సంతోషంతో. లోపల తన పేరు ఉండబోయే మొదటి వాయిద్యం అది.

దేవసహాయం సంగతి వేరు. ఓడలు బాగుచేసే చోట్ల పాతికేళ్ళు తుప్పు కొట్టే పని చేశాడు. ఇనప గోడల మధ్య కూర్చుని పొద్దస్తమానం సుత్తి దెబ్బలు. చెవులు రెండూ పోయాయి. చెవిలో మిషను పెట్టుకుంటే కీచుమని రొదే తప్ప పాట రాదు. అయినా చర్చి క్వయర్లో ఇరవై రెండేళ్ళుగా బేసు ఆయనదే. కొయ్య బేసు ఒకటి ఉండేది, దాన్ని గుండెకి హత్తుకుని వాయించేవాడు. నిరుటి వానలకి దాని వెనక చెక్క ఊడి, మెడ వంగిపోయింది. బదులుగా ఒక కరెంటు బేసు చేతికిచ్చారు. దాని స్పీకరు ఎక్కడో మూలన ఉంటుంది. తను ఎంత గట్టిగా కొడుతున్నాడో, పాట ఎక్కడిదాకా వచ్చిందో ఆయనకి తెలియలేదు. క్రిస్మస్ నాడు పాట అయిపోయాక కూడా ఒక్కడే ఇంకా వాయిస్తూ నిలబడ్డాడు. పిల్లలు నవ్వారు. పాపం, వాళ్ళెందుకు నవ్వుతున్నారో తెలీక ఆయనా నవ్వాడు.

క్వయర్ మాస్టరు చెడ్డవాడేం కాదు. మొహమాటపడుతూనే కాగితం మీద రాసి చూపించాడు. "ఈస్టరు దాకా చూద్దాం అన్నా. కుదరకపోతే బేసు మానేసి, వచ్చి ముందు వరసలో మాతో కూర్చో."

ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని దేవసహాయం ఈ షెడ్డుకొచ్చాడు. లోవరాజు ఆయన చెవి దగ్గర నోరుపెట్టి అరిస్తే గానీ ఏదీ ఎక్కేది కాదు. మరిడయ్య మాత్రం ఎదురుగా కూర్చుని పెదవులు కదిపేవాడు, అంతే. ఇద్దరూ గంటసేపు అలా మాట్లాడుకునేవారు. పాత స్నేహితులు కదా అనుకున్నాడు లోవరాజు.

బేసు తయారైంది. చూసినవాళ్ళు చూపు తిప్పుకోలేదు. నల్లటి అద్దం! లోవరాజు లెక్కప్రకారం వెనక పలకకి ఐదు పొరలు వేశాడు. వెనకవైపు రాయిలా ఉంటే మీటిన శబ్దం అంతా ముందుకి తోసుకొస్తుందని అతని సిద్ధాంతం. నిజమే, శబ్దం ఖంగుమని షెడ్డంతా నిండింది. పక్క షెడ్డు వాళ్ళు పని ఆపి వచ్చి చూశారు.

"వెనక్కి ఎన్ని పొరలు?" అనడిగాడు మరిడయ్య.

"ఐదండి."

"ఊఁ" అన్నాడు.

ఆ "ఊఁ"ని మెచ్చుకోలు అనుకున్నాడు లోవరాజు. అనుకుని, చెయ్యకూడని పని చేశాడు. చీటీ మీద తన పేరు రాసి, వెనక పలక లోపలివైపు పెట్టి, ఊడిరాకుండా పైన ఒక పూత రెసిన్ వేశాడు. కొనేవాడు ఇంకా రానేలేదు.

దేవసహాయం వచ్చాడు. ఈస్టరుకి ముందొచ్చే మట్టలాదివారానికి ఇంకా మూడు వారాలుంది. బేసుని మెడలో వేసుకుని, పైకి లాక్కుని, రొమ్ముకి ఆనించుకుని కళ్ళు మూసుకున్నాడు. లావు తీగ మీటాడు. ఆగాడు. మళ్ళీ మీటాడు. మొహం మీద ఏ కదలికా లేదు. చలిలో మూసిన తలుపు ముందు నిలబడ్డవాడిలా కాసేపు అలాగే ఉండి, మెల్లగా బేసు తీసి లోవరాజు చేతుల్లో పెట్టాడు.

"వద్దు బాబూ. శానా అందంగా ఉంది. మీటేను. మీటేక ఏవయ్యిందో నాకు తెలీలేదు." చెవిటివాళ్ళ గొంతు పెద్దది కదా, ఆ మాట పక్క షెడ్డు దాకా వినిపించింది.

ఆయన వెళ్ళిపోయాడు. లోవరాజుకి నలుగురిలో తల కొట్టేసినట్టయింది. గురువు దగ్గరికి విసవిసా వచ్చి, కట్టుబాటు ప్రకారం ఎదురుగా నిలబడి, ఉన్నదంతా కక్కేశాడు.

"ఈ జిల్లాలో ఇలాంటి శబ్దం ఉన్న బేసు ఇంకోటి ఉందేమో చూపించండి గురువుగారూ! ఎవరి చేతిలో పెట్టాం మనం? చెవిటోడి ముందు శంఖం ఊదినట్టయిందండి!"

మరిడయ్య అతని మొహంకేసి చూశాడు.

"మళ్ళీ చెప్పు" అన్నాడు.

"చెవిటోడి ముందు శంఖం ఊదినట్టయింది అంటున్నానండి."

మరిడయ్య లేచి వెళ్ళి పెద్ద కంప్రెసరు స్విచ్చి వేశాడు. దుమ్ము లాగే మిషను వేశాడు. గ్రైండరు వేసి, దాన్ని బల్ల మీద బిగించి అలా తిరగనిచ్చాడు. రేకుల షెడ్డు దద్దరిల్లిపోయింది. లోవరాజు రెండు చేతులతో చెవులు మూసుకున్నాడు.

మరిడయ్య గోడకి వేలాడుతున్న తన పాత బేసుని దించాడు. ఆయన చేసిన మొట్టమొదటిది, నాలుగుచోట్ల అతుకులు. దాని తీగలూ, లోవరాజు బేసు తీగలూ మరలు తిప్పి వదులు చేశాడు. కొత్త బేసుని శిష్యుడి ఒళ్ళో పెట్టి, శ్రుతి చెయ్యమని సైగ చేశాడు.

లోవరాజు మీటాడు. తీగ ఊగడం కనబడుతోంది, వినబడటం లేదు. ఫోను తీసి అందులో శ్రుతి చూపించే ముల్లు చూశాడు. మిషన్ల మోతకి అది పిచ్చెక్కినట్టు అటూ ఇటూ కొట్టుకుంటోంది. చెవిని బేసుకి ఆనించబోతే గురువు గడ్డం పట్టుకుని మెల్లగా తల పైకెత్తాడు. ఊహూఁ అన్నట్టు చూశాడు. లోవరాజు అయోమయంగా మరలు తిప్పాడు, మళ్ళీ తిప్పాడు. చెమటలు పట్టాయి. చివరికి చేతులెత్తేశాడు.

మరిడయ్య పాత బేసు తీసుకుని రొమ్ముకి ఆనించుకున్నాడు. శిష్యుడి చెయ్యి పట్టుకుని దాని వెనక పలక మీద పరిచాడు. రెండు తీగలు ఒకే స్వరం మీద నొక్కి, కలిపి మీటాడు.

అరచేతి కింద పలక అదిరింది. తిన్నగా కాదు, పెరుగుతూ తగ్గుతూ, ఉయ్యాల ఊగినట్టు. మరిడయ్య మర కొంచెం తిప్పాడు. ఊపు నెమ్మదించింది. ఇంకొంచెం తిప్పాడు. ఇంకా నెమ్మదించింది. ఇంకొక్క వెంట్రుకవాసి తిప్పాడు. ఊపు ఆగిపోయి ఒకటే సన్నటి అదురు అరచేతిలో నిలబడింది. అలాగే మిగతా తీగలూ సరిచేశాడు.

తర్వాత శిష్యుడి చేతిని అక్కణ్ణించి తీసి కొత్త బేసు వెనక పలక మీద పెట్టాడు. మీటాడు.

గోడ మీద చెయ్యి పెట్టినట్టుంది.

మిషన్లు ఆపడానికి లోవరాజే పరిగెత్తాడు. ఒక్కొక్కటే ఆగాయి. చెవులు గింగుర్లెత్తిపోతున్నాయి. "అమ్మయ్య!" అన్నాడు. పాత బేసు తీగలు ఒక్కొక్కటీ మీటి విన్నాడు. ఒకదానితో ఒకటి అచ్చంగా కలిసున్నాయి.

మరిడయ్య పాత బేసుని గోడకి తగిలించి అన్నాడు. "దేవసహాయం ఉండేది ఆ మోతలోనేరా."

మర్నాడు పొద్దున్నే లోవరాజు కట్టరు తీసుకుని తన బేసు వెనక పలకని అంచు వెంబడి కోసేశాడు. కోసిన ముక్కలో రెసిన్ కింద తన పేరు భద్రంగా ఉంది. దాన్ని ఊడదియ్యాలంటే పేరు చిరుగుతుంది. కాసేపు చూసి, పలకతో సహా చెత్తడబ్బాలో వేశాడు. ఏడుపొచ్చింది. వస్తే రానీ అని పనిలో పడ్డాడు.

మొదటిసారి ఒక్క పొరతో చేశాడు. మరీ పల్చనై అప్పడంలా కొట్టుకుంది. రెండోసారి రెండు పొరలు వేశాడు. అదురు వచ్చింది గానీ పక్కల్లోకి జారిపోతోంది, రొమ్ముకి ఆనేచోట నిలవడం లేదు. కోసేశాడు. మూడోసారి అంచుల్లో మూడు, నడుమ రెండు పొరలు వేశాడు. ప్రతిసారీ మూడు మిషన్లూ వేసి, ఆ మోతలో కళ్ళు మూసుకుని, పలక కింద ఎడమ అరచెయ్యి పెట్టి చూసేవాడు. మరిడయ్య తన పని తను చేసుకునేవాడు. ఆ మోతలో అంత ప్రశాంతంగా ఎలా కూర్చుంటాడో లోవరాజుకి అర్థమయ్యేది కాదు. గురువు నిబ్బరం అలాంటిది అనుకున్నాడు.

మట్టలాదివారం వెళ్ళిపోయింది. గుడ్‌ఫ్రైడే ముందురోజు దేవసహాయం వచ్చాడు. పిలిచారు కదా అని రావడమే తప్ప మొహంలో ఆశ లేదు. బేసు మెడలో వేసుకున్నాడు. రొమ్ముకి ఆనించుకుని, లావు తీగ మీటాడు.

మనిషి ఉలిక్కిపడ్డాడు.

మళ్ళీ మీటాడు. ఈసారి మెల్లగా. ఇంకా మెల్లగా. ఎంత మెల్లగా మీటితే అంత మెల్లగా రొమ్ములో అదురుతోందని చూసుకుని, చూసుకుని, పసిపిల్లవాడిలా పకపకా నవ్వాడు. కళ్ళ వెంట నీళ్ళు. "ఉందండీ! ఇదిగో, ఇక్కడ ఉందండీ!" అని రొమ్ము మీద చరుచుకున్నాడు.

కంతలోంచి లోపలికి చూశాడు. "పేరేదీ బాబూ? పేరు లేదేవిటి?"

మరిడయ్య కలమూ, కాగితమూ తెచ్చి లోవరాజు ముందు పెట్టాడు. లోవరాజు పేరు రాశాడు. అంటించబోయి ఆగాడు. మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"ముందు దీన్ని క్వయర్లో పాడనివ్వండి" అన్నాడు.

ఈస్టరు నాడు తెల్లవారుజామునే చర్చి జనమంతా సముద్రం ఒడ్డుకి చేరారు. గురుశిష్యులిద్దరూ వెళ్ళి వెనకగా, నీటి అంచున ఇసుకలో నిలబడ్డారు. తూర్పున తెల్లబడి, మనుషుల మొహాలు పోల్చుకునేంత వెలుగొచ్చింది. ఒడ్డు పైన, సముద్రంకేసి తిరిగి క్వయర్ లేచింది. చివర్న దేవసహాయం, కొత్త చొక్కా, రొమ్ముకి హత్తుకున్న నల్లటి బేసు.

మొదటి పాటకి క్వయర్ మాస్టరు నాలుగుసార్లు వెనక్కి తిరిగి చూశాడు. రెండో పాటకి ఒక్కసారి చూశాడు. మూడో పాటకి ఇక తిరగలేదు. పాట ఆగినచోట బేసు కూడా ఆగింది, ఒక్క దెబ్బ ఎక్కువ లేదు. నాలుగో పాట ఎత్తుకునేసరికి గురుశిష్యుల వెనక సముద్రంలోంచి సూర్యుడు పొడుచుకొచ్చాడు.

పాట కింద బేసు మెత్తగా నడుస్తోంది. లోవరాజుకి గుండె పొంగిపోయింది. జేబులో చీటీ తడుముకున్నాడు.

"ఎలా ఉందిరా?" అన్నాడు పక్కనుంచి మరిడయ్య.

"బాగుందండి" అన్నాడు లోవరాజు, క్వయర్ మీంచి కళ్ళు తిప్పకుండానే.

కాసేపాగి మరిడయ్య మళ్ళీ అడిగాడు. "ఎలా ఉందిరా?"

గర్వం పోయిందో లేదో చూస్తున్నాడు కాబోలు అనుకుని లోవరాజు పక్కకి తిరిగాడు. గురువు క్వయర్‌కేసి చూడటం లేదు. తన నోటికేసి చూస్తున్నాడు. ఆ కళ్ళలో పరీక్ష లేదు. నిజంగా తెలుసుకోవాలన్న ఆత్రం ఉంది.

లోవరాజు ఒక అడుగు దగ్గరికి జరిగాడు.

"మీకు... వినపడటం లేదా అండీ?"

"ఆ రోజు మిషన్లు నువ్వు ఆపేశావు" అన్నాడు మరిడయ్య. "నావి ఆగలేదురా. పదకొండేళ్ళయింది."

ఎదుటికొచ్చి మాట్లాడమన్న మాటా, పలక కింద పెట్టిన అరచెయ్యీ, అన్నీ ఒక్కసారిగా కళ్ళముందు తిరిగాయి. అన్నిటికన్నా, శంఖం సామెత. ఒకసారి చాలక రెండుసార్లు చెప్పించుకున్నాడు ఆయన. తను రెండుసార్లూ చెప్పాడు, మొహమ్మీద. సిగ్గుతో లోవరాజు ఒళ్ళు చచ్చిపోయింది. క్షమించమనబోయాడు. మరిడయ్య ఆ మాట కోసం చూడటం లేదు. ఇంకా అతని నోటికేసే చూస్తున్నాడు.

వెనక పాట సాగుతోంది. తన మొదటి వాయిద్యం, వందల మంది ముందు.

లోవరాజు దానికి వీపు పెట్టాడు. చుట్టూ తిరిగి వచ్చి గురువు ఎదుట, ఎండ తన మొహం మీద పడేలా, నిలబడ్డాడు.

"బాగుందండి గురువుగారూ" అన్నాడు, ఒక్కో మాటా పెదాల మీద నిలబెట్టి. "ఇప్పుడు ఆడవాళ్ళు ఎత్తుకున్నారు. దేవసహాయం గారు తగ్గించారు. ఇప్పుడు మళ్ళీ అందరూ..."

పాట అయ్యేదాకా అలాగే చెబుతూ నిలబడ్డాడు.